సివిల్ కేసు సుప్రీంకోర్టు దాకా: అనుమతికీ అప్పీలుకూ మధ్య ఉన్న గడప

"సుప్రీంకోర్టులోనూ చుక్కెదురు", "హైకోర్టు తీర్పును సమర్థించిన సర్వోన్నత న్యాయస్థానం" వంటి శీర్షికలు తరచూ చూస్తుంటాం. వాటిలో చాలావాటి వెనుక జరిగింది వేరు. ఆ కేసుల్లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును తూచి చూసి సరైనదని చెప్పి ఉండదు. అప్పీలు వినడానికి అనుమతి మాత్రమే నిరాకరించి ఉంటుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో తెలియక భూమి తగాదాల్లో, పంపకాల్లో, అద్దె వివాదాల్లో ఉన్న కుటుంబాలు రెండు రకాలుగా నష్టపోతున్నాయి. ఇక దారి లేదని ఉన్న దారిని వదులుకునేవారు కొందరు. సుప్రీంకోర్టు కూడా మామూలు అప్పీలు కోర్టేనని నమ్మి, గెలిచే అవకాశం లేని కేసు కోసం ఇల్లు తాకట్టు పెట్టేవారు కొందరు.

సివిల్ కేసు సుప్రీంకోర్టుకు ఎలా చేరుతుంది, అక్కడ మొదట ఏం తేలుస్తారు, కొట్టివేత అంటే అసలు అర్థమేమిటి అన్నది మొదటి నుంచి చూద్దాం.

దావా నుంచి హైకోర్టు వరకు

సివిల్ దావా వేసినవారు వాది, ఎదుర్కొన్నవారు ప్రతివాది. దావా విలువను బట్టి అది జూనియర్ సివిల్ జడ్జి దగ్గరో, సీనియర్ సివిల్ జడ్జి దగ్గరో, జిల్లా జడ్జి దగ్గరో మొదలవుతుంది. కోర్టు ఇచ్చే కారణాల వివరణ తీర్పు. ఎవరికి ఏ హక్కు దక్కిందో చెప్పే అధికారిక పత్రం డిక్రీ. సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీపీసీ, 96వ సెక్షన్ కింద ఆ డిక్రీపై మొదటి అప్పీలు వేయవచ్చు. ఇది హక్కుగా వచ్చే అప్పీలు. సాక్ష్యాలను, పత్రాలను, చట్టాన్ని అన్నింటినీ అప్పీలు కోర్టు మళ్లీ పరిశీలించాలి. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు.

మొదటి అప్పీలు జిల్లా కోర్టులో తేలితే, దానిపై హైకోర్టుకు రెండో అప్పీలు ఉంటుంది. ఇక్కడి నుంచే ద్వారం ఇరుకవుతుంది. సీపీసీ 100వ సెక్షన్‌ను 1976లో సవరించిన తరువాత రెండో అప్పీలులో 'ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న' ఉంటేనే హైకోర్టు వినాలి. ఆ ప్రశ్న ఏమిటో ముందుగా రాసుకుని మరీ వినాలి. సాక్షి అబద్ధమాడాడా, సంతకం ఎవరిది వంటివి వాస్తవ ప్రశ్నలు. అవి మొదటి అప్పీలుతోనే దాదాపు ముగిసిపోతాయి. 25,000 రూపాయలకు మించని డబ్బు వసూలు దావాల్లో రెండో అప్పీలు అసలే లేదని 102వ సెక్షన్ చెబుతోంది.

ఏ ప్రశ్నను 'ముఖ్యమైనది' అనాలో 1962లో సర్ చునీలాల్ మెహతా కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఆ ప్రశ్న ప్రజలందరికీ ప్రాధాన్యం ఉన్నదై ఉండాలి, లేదా కక్షిదారుల హక్కులను నేరుగా, గణనీయంగా ప్రభావితం చేసేదై ఉండాలి. అత్యున్నత కోర్టులు ఇంతకుముందే దాన్ని తేల్చి ఉండకూడదు.

హైకోర్టు దాటాక రెండు మార్గాలు

మొదటిది రాజ్యాంగంలోని 133వ అధికరణ. హైకోర్టు తానే 'ఈ కేసు సుప్రీంకోర్టు వినదగ్గది' అని సర్టిఫికెట్ ఇస్తే అప్పీలు వేయవచ్చు. అందుకు రెండు షరతులూ తీరాలి. కేసులో సాధారణ ప్రాముఖ్యం గల ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్నను సుప్రీంకోర్టే తేల్చాల్సిన అవసరం ఉందని హైకోర్టు భావించాలి.

ఒకప్పుడు ఈ మార్గం ఇంత కఠినంగా ఉండేది కాదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు వివాద ఆస్తి విలువ 20,000 రూపాయలకు తక్కువ కాకుంటే, కొన్ని షరతులతో, అప్పీలు హక్కుగా దక్కేది. అది బ్రిటిష్ కాలంలో మన కేసులకు తుది అప్పీలు వేదికైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కాలం నుంచి వచ్చిన పద్ధతి. అక్కడికి వెళ్లే అప్పీళ్లకూ డబ్బు విలువే కొలమానం. 1949లో ఆ ప్రివీ కౌన్సిల్ అధికారం ముగిసింది. నిజాం హైదరాబాద్‌కు తుది అప్పీళ్లు వినే సొంత జ్యుడీషియల్ కమిటీ ఉండేది. రాజ్యాంగంలోని 374వ అధికరణ దాని దగ్గర మిగిలిన అప్పీళ్లను కూడా సుప్రీంకోర్టుకు బదిలీ చేసింది. ఆస్తి విలువను బట్టి అప్పీలు హక్కు ఇవ్వడమంటే సంపన్నుల తగాదాలకు పెద్దపీట వేయడమేనన్న విమర్శ బలపడింది. 30వ రాజ్యాంగ సవరణ ఆ కొలమానాన్ని తీసేసింది, 1973 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. అరెకరం పేద రైతు కేసులో గొప్ప చట్టపరమైన ప్రశ్న ఉండవచ్చు, కోట్ల రూపాయల కేసులో ఏమీ లేకపోవచ్చు. ఆ సవరణ సరైనదని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఆచరణలో మాత్రం 133వ అధికరణ మార్గం ఖాళీగానే కనిపిస్తుంది. అందుకు ఒక కారణం మూడో ఉపఖండంలో ఉంది. హైకోర్టులో ఒకే న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుపై ఈ మార్గంలో అప్పీలు కుదరదు. రెండో అప్పీళ్లను సాధారణంగా ఒకే న్యాయమూర్తి వింటారు. సీపీసీ 100ఎ సెక్షన్ వల్ల, అప్పీలులో ఏకసభ్య న్యాయమూర్తి ఇచ్చిన తీర్పుపై హైకోర్టులోనే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లడమూ కుదరదు. కాబట్టి సామాన్యుల సివిల్ కేసుల్లో చాలావరకు 133 తలుపు ముందే మూసి ఉంటుంది. రెండో కారణం సమయానికి సంబంధించినది. 134ఎ అధికరణ ప్రకారం తీర్పు వెలువడిన వెంటనే న్యాయవాది నోటిమాటగా సర్టిఫికెట్ కోరాలి. లేదంటే హైకోర్టు తనంతట తాను ఇవ్వాలి. ఇంటికెళ్లి ఆలోచించుకుని వచ్చి అడుగుతామంటే కుదరదు.

రెండోది 136వ అధికరణ. దేశంలోని ఏ కోర్టు, ఏ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పుపైనైనా అప్పీలుకు సుప్రీంకోర్టు తన విచక్షణతో ప్రత్యేక అనుమతి ఇవ్వవచ్చు. సాయుధ దళాల చట్టాల కింద ఏర్పడిన కోర్టులు, ట్రైబ్యునళ్లు మాత్రం దీని పరిధిలోకి రావు. ఆ అనుమతి కోరే దరఖాస్తే స్పెషల్ లీవ్ పిటిషన్. అందరూ ఎస్‌ఎల్‌పీ అంటారు. సివిల్ కేసుల్లో అత్యధికం ఈ దారినే వెళ్తాయి.

కొన్ని ప్రత్యేక చట్టాలు నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు కల్పిస్తాయి. దివాలా స్మృతి కింద జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌ఏటీ) ఉత్తర్వుపై 45 రోజుల్లో, విద్యుత్ అప్పీలు ట్రైబ్యునల్ ఉత్తర్వుపై 60 రోజుల్లో, వినియోగదారుల రక్షణ చట్టం 67వ సెక్షన్ కింద జాతీయ కమిషన్ కొన్ని ఉత్తర్వులపై 30 రోజుల్లో వెళ్లవచ్చు. ఊళ్లోని భూమి తగాదాకు మాత్రం ఇవి వర్తించవు.

ఎస్‌ఎల్‌పీ దశలో కోర్టు వేసుకునే ప్రశ్న

ఎస్‌ఎల్‌పీ అప్పీలు కాదు, అప్పీలు వేసుకోవడానికి అనుమతి అడగడం. కింది కోర్టు తప్పు చేసిందా అన్నది ఆ దశలో రెండో ప్రశ్న. దేశ అత్యున్నత న్యాయస్థానం సమయం వెచ్చించాల్సినంత విషయం ఇందులో ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఈ అధికారాన్ని అరుదుగా, అసాధారణ పరిస్థితుల్లోనే వాడాలని 1950లోనే ప్రీతమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టులన్నీ ఒకే వాస్తవాన్ని తేల్చి ఉంటే సాధారణంగా అందులో తలదూర్చదు. ఆ నిర్ధారణ సాక్ష్యాలకు పూర్తిగా విరుద్ధంగా ఉన్నప్పుడు, కీలక పత్రాన్ని అసలు చూడనప్పుడు, ఘోరమైన అన్యాయం జరిగినప్పుడు మాత్రమే జోక్యం ఉంటుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. సరోజకు 1982లో పెళ్లయింది. తండ్రి 2003లో చనిపోయారు. ఉమ్మడి ఆస్తి ఆరెకరాల మాగాణి. 2008లో ఆమె అన్నపై పంపకాల దావా వేసింది. అన్న మూడు మాటలు చెప్పాడు. ఆ భూమి పిత్రార్జితం కాదు, తండ్రి స్వార్జితం, దాన్ని తనకు వీలునామా రాశారన్నాడు. ఒకవేళ పిత్రార్జితమే అయినా 1998లో పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా పంపకాలు అయిపోయాయన్నాడు. అదీ కాకపోతే, 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం వచ్చేసరికి తండ్రే బతికి లేడు కాబట్టి కూతురికి కొడుకుతో సమాన వాటా రాదన్నాడు.

భూమి పిత్రార్జితమా, స్వార్జితమా అన్నది వాస్తవ ప్రశ్న. పాత దస్తావేజులు, పహాణీలు, అడంగళ్లు, సాక్షులు తేల్చాల్సినది. పంపకాలు నిజంగా జరిగాయా అన్నది కూడా ప్రధానంగా వాస్తవమే. ఈ రెండింటిపై మూడు కోర్టులూ సరోజకు వ్యతిరేకంగా తేల్చి ఉంటే, సుప్రీంకోర్టులో ఆమె అవకాశం బాగా సన్నగిల్లినట్టే. తీర్పు ఎంత బాధ కలిగించినా ఆ బాధ ఒక్కటే అనుమతికి కారణం కాదు.

మూడో వాదన వేరు. అది శుద్ధ చట్టపరమైన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, కేంద్ర చట్టం కన్నా ఇరవై ఏళ్ల ముందే, కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం ఆ చట్టం వర్తించలేదు. అందుకే సరోజకు 2005 సవరణే ఆధారం. దాని అర్థంపై సుప్రీంకోర్టులోనే రెండు మాటలు వినిపించాయి. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి, కూతురు ఇద్దరూ జీవించి ఉంటేనే హక్కు అని 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి తీర్పు చెప్పింది. 2018లో దానమ్మ కేసులో, తండ్రి 2001లోనే చనిపోయినా కూతుళ్లకు వాటా దక్కింది. సరోజ రెండో అప్పీలును 2018 చివర్లో హైకోర్టు ఫూలవతి తీర్పు ఆధారంగా కొట్టేసిందనుకుందాం. అప్పుడు ఆమె ఎస్‌ఎల్‌పీకి ఎంతో బలం ఉంటుంది. అత్యున్నత కోర్టు తీర్పుల మధ్యే వైరుధ్యం ఉంది. ఆ ప్రశ్న లక్షల కుటుంబాలకు సంబంధించినది. దాన్ని తేల్చగలిగేది సుప్రీంకోర్టు ఒక్కటే. జరిగిందీ అదే. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005లో తండ్రి జీవించి ఉండనక్కరలేదని తేల్చింది. నోటిమాట పంపకాల వాదనను ప్రభుత్వ పత్రాల వంటి బలమైన ఆధారాలుంటే తప్ప ఒప్పుకోకూడదని కూడా చెప్పింది. అలా సరోజ అన్న చేసిన రెండో వాదనలో కూడా చట్టపరమైన కోణం తలెత్తింది.

ఒకే కేసు, ఒకే కుటుంబం, ఒకే ఆరెకరాలు. పిటిషన్‌లో ఏ ప్రశ్నను ముందు పెట్టారన్నదే అనుమతి భవితవ్యాన్ని మార్చేస్తుంది. మంచి న్యాయవాదులు ఎస్‌ఎల్‌పీలో మొదటి రెండు పేజీల మీద అంత శ్రమ పెట్టేది ఇందుకే.

గడువు లెక్క

హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజుల్లో ఎస్‌ఎల్‌పీ వేయాలి. హైకోర్టు సర్టిఫికెట్ నిరాకరించి ఉంటే, ఆ నిరాకరణ నుంచి 60 రోజులు. తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. ధ్రువీకృత నకలు పొందడానికి పట్టిన సమయాన్ని కూడా గడువులను నిర్ణయించే లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ మినహాయిస్తుంది. అయితే మినహాయింపు దరఖాస్తు చేసిన రోజు నుంచే మొదలవుతుంది. తీర్పు వచ్చిన పది రోజులకు నకలుకు దరఖాస్తు చేసి, అది 25 రోజులకు చేతికొచ్చిందనుకోండి. ఆ 25 రోజులు కలుస్తాయి, గడువు 115వ రోజు దాకా ఉంటుంది. ముందు గడిచిన పది రోజులు మాత్రం ఖర్చయినట్టే. అదే మనిషి నకలుకు 80వ రోజున దరఖాస్తు చేస్తే, నకలు చేతికొచ్చాక పిటిషన్ తయారీకి మిగిలేది పది రోజులే.

ఆలస్యమైతే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద మాఫీ కోరవచ్చు. తగిన కారణం చూపాలి. ఇక్కడ రెండు ధోరణులు ఉన్నాయి. 1987లో కాటీజీ కేసులో, సాంకేతిక కారణాలతో న్యాయాన్ని అడ్డుకోకూడదని, ఆలస్యాన్ని ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ వర్సెస్ లివింగ్ మీడియా కేసులో మాత్రం, ఫైళ్లు ఆలస్యంగా కదిలాయన్న మాటతో ప్రభుత్వ శాఖలు మాఫీ ఆశించకూడదని స్పష్టం చేసింది. రెండింటినీ కలిపి చదివితే, ఎన్ని రోజుల ఆలస్యం అన్నదానికన్నా ఆ రోజుల్లో ఏం చేశారన్న వివరణే ముఖ్యమని అర్థమవుతుంది.

సివిల్ కేసులకు మాత్రమే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి, ఈలోగా కక్షిదారులు చనిపోతుంటారు. చనిపోయినవారి వారసులను 90 రోజుల్లో కేసులోకి తీసుకురాకపోతే వారి విషయంలో కేసు రద్దవుతుంది. ఆ తరువాత 60 రోజుల్లో ఆ రద్దును తొలగించమని కోరవచ్చు. చాలా మంది కక్షిదారులున్న పంపకాల దావాలో, ఎక్కడో వేరే ఊళ్లో ఒక ప్రతివాది చనిపోయిన సంగతి ఏడాది దాకా తెలియకపోవడం మామూలే. పాతికేళ్లు నడిపిన కేసు ఈ ఒక్క అజాగ్రత్తతో దెబ్బతినవచ్చు.

ఢిల్లీలో కాగితాల పని

2013 సుప్రీంకోర్టు నియమాల ప్రకారం పిటిషన్ దాఖలు చేసే అధికారం అడ్వకేట్ ఆన్ రికార్డ్‌కే ఉంది. వీరు సుప్రీంకోర్టు నిర్వహించే పరీక్షలో నెగ్గినవారు. కోర్టు నుంచి 16 కిలోమీటర్ల లోపు వీరికి కార్యాలయం ఉండాలి. హైకోర్టులో వాదించిన న్యాయవాది సుప్రీంకోర్టులోనూ వాదించవచ్చు, కానీ కాగితాలు దాఖలయ్యేది వీరి ద్వారానే. సీనియర్ న్యాయవాదులు కూడా వీరు లేకుండా హాజరు కాలేరు. కక్షిదారు తానే స్వయంగా వాదించుకునే వీలు ఉంది.

పిటిషన్‌తో పాటు హైకోర్టు తీర్పు నకలు, కింది కోర్టుల తీర్పులు, సంఘటనల తేదీల పట్టిక, అవసరమైన పత్రాలు జత చేయాలి. కింది కోర్టులో చెప్పని వాదనను, చూపని పత్రాన్ని ఇక్కడ కొత్తగా పెట్టాలంటే విడిగా అనుమతి కోరాలి. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు వ్యవహారాలు ఇంగ్లీషులో సాగుతాయి. తెలుగు జిల్లాల నుంచి వెళ్లే కేసుల్లో ఇది పెద్ద భారం. సాక్షుల వాంగ్మూలాలు, దస్తావేజులు, పారీఖత్తు కాగితాలు చాలావరకు తెలుగులోనే ఉంటాయి. వాటన్నింటినీ అనువదించాలి. 'జిరాయితీ', 'ఇనాం', 'పోరంబోకు' వంటి మాటల్లో ఒకదాన్ని తప్పుగా అనువదించినా భూమి స్వభావమే మారినట్టు కనిపిస్తుంది. అనువాదాన్ని కక్షిదారు స్వయంగా చదివి చూడటం, లేదా తెలిసినవారితో చదివించుకోవడం చాలా అవసరం.

దాఖలైన పిటిషన్‌ను రిజిస్ట్రీ పరిశీలించి లోపాలు చెబుతుంది. వాటిని సరిదిద్దడానికి 28 రోజులు ఇస్తారు. ఎస్‌ఎల్‌పీ డైరీ నంబరు చూసి కేసు విచారణకు వచ్చేసిందని సంబరపడేవారు ఈ దశను గుర్తుంచుకోవాలి.

ఖర్చు భరించలేనివారికి సుప్రీంకోర్టు న్యాయసేవల కమిటీ ఉంది. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు తదితరులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. మన ఉదాహరణలోని సరోజకు ఈ హక్కు ఉంది. చాలామంది సరోజలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కొట్టేశారంటే ఏ కొట్టివేత?

ఎస్‌ఎల్‌పీ మొదటిసారి విచారణకు వచ్చినప్పుడు వాదన తరచూ కొద్ది నిమిషాల్లోనే ముగుస్తుంది. తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోరే కేవియట్‌ను అవతలి పక్షం ముందుగా వేసి ఉంటే వారి న్యాయవాదీ అక్కడే ఉంటారు. ఆ రోజు పిటిషన్‌ను కొట్టివేయవచ్చు. అవతలి పక్షానికి నోటీసు ఇవ్వవచ్చు. అనుమతి మంజూరు చేయవచ్చు. నోటీసు ఇచ్చారంటే గెలిచినట్టు కాదు, అనుమతి వచ్చినట్టూ కాదు. అవతలివారి మాట కూడా విని నిర్ణయిస్తామన్నంత వరకే. అనుమతి మంజూరైతే ఎస్‌ఎల్‌పీ అక్కడితో ముగిసి, కొత్త నంబరుతో సివిల్ అప్పీలుగా మారుతుంది. కొన్ని కేసుల్లో అనుమతి ఇచ్చి, ఆ పూటే అప్పీలును కూడా తేల్చేస్తారు.

శీర్షికల గందరగోళమంతా కొట్టివేత దగ్గరే. 2000లో కున్హయమ్మద్ వర్సెస్ కేరళ రాష్ట్రం కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని విడమరచి చెప్పింది.

'పిటిషన్ కొట్టివేయడమైనది' అని కారణాలేవీ లేకుండా ఒక్క వాక్యం ఉంటే, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును ఆమోదించినట్టు కాదు. అనుమతి ఇవ్వలేదు, అంతే. ఆ ఉత్తర్వు 141వ అధికరణ కింద దేశమంతా పాటించాల్సిన చట్టం అవదు. హైకోర్టు తీర్పు హైకోర్టు తీర్పుగానే నిలబడుతుంది. మరో జిల్లాలో అదే రకం వివాదం ఉన్నవారిపై 'సుప్రీంకోర్టు తేల్చేసింది' అని దాన్ని ప్రయోగించలేరు. అంతకన్నా ముఖ్యం, హైకోర్టు తీర్పులో స్పష్టంగా కనిపించే పొరపాటు ఉంటే అదే హైకోర్టులో రివ్యూ, అంటే పునఃపరిశీలన, కోరే దారి మూసుకుపోదు.

కారణాలు రాసి కొట్టేస్తే సంగతి కొంత మారుతుంది. అందులో చట్టాన్ని గురించి చెప్పిన మాట ఉంటే అది అందరికీ వర్తించే చట్టమవుతుంది. వాస్తవాలపై చెప్పిన మాటలు ఆ కక్షిదారులకు కట్టుబాటు అవుతాయి. అయినా అనుమతి దశ దాటలేదు కాబట్టి హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు ఉత్తర్వులో విలీనం కాదు.

అనుమతి ఇచ్చి, సివిల్ అప్పీలుగా విని కొట్టేస్తే, అది ఒక్క వాక్యపు ఉత్తర్వే అయినా విలీనం జరుగుతుంది. ఇక అమల్లో ఉండేది సుప్రీంకోర్టు డిక్రీ. హైకోర్టులో రివ్యూకు తావుండదు.

ఈ విషయంలో ఎప్పుడూ ఏకాభిప్రాయం లేదు. 1998లో అబ్బై మలిగై కేసులో, ఎస్‌ఎల్‌పీ కొట్టేశాక మళ్లీ హైకోర్టులో రివ్యూ వేయడం న్యాయప్రక్రియ దుర్వినియోగమన్న అభిప్రాయం వెలువడింది. ఆ ఆందోళనలో న్యాయం లేకపోలేదు. గెలిచినవారు ఢిల్లీ దాకా వెళ్లి వచ్చాక కూడా నిశ్చింతగా ఉండలేకపోతే ఎలా? 2019లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మళ్లీ ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని కున్హయమ్మద్ సూత్రాలే సరైనవని తేల్చారు. వినని కేసును విన్నట్టు లెక్కించకూడదన్నదే ఆ తీర్పుల సారం. ఈ వ్యాసకర్త మొగ్గు కూడా అటే.

పిటిషన్‌ను ఉపసంహరించుకుంటే అదీ కొట్టివేతగానే నమోదవుతుంది. మళ్లీ వచ్చే స్వేచ్ఛను ఉత్తర్వులో రాయించుకోకుండా ఉపసంహరిస్తే, అదే తీర్పుపై రెండోసారి ఎస్‌ఎల్‌పీ వేయడం చాలా కష్టం. కాబట్టి పత్రికలో ఏం వచ్చిందన్నది పక్కనపెట్టి ఉత్తర్వు ప్రతి తెప్పించుకుని, అది ఏ రకం కొట్టివేతో చూడాలి.

ఈలోగా భూమి ఎవరి చేతిలో?

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. సీపీసీ 41వ ఆర్డరు 5వ నిబంధన ఈ మాట స్పష్టంగా చెబుతుంది. ఎస్‌ఎల్‌పీకీ ఇదే వర్తిస్తుంది. గెలిచినవారు అమలు పిటిషన్ వేసి, కోర్టు ఉద్యోగి అయిన అమీనాతో స్వాధీనం తీసుకోవచ్చు. దాన్ని ఆపాలంటే విడిగా స్టే కోరాలి. కోర్టు స్టే ఇవ్వవచ్చు, యథాతథ స్థితి ఉత్తర్వు ఇవ్వవచ్చు, డబ్బు జమ చేయమనే షరతూ పెట్టవచ్చు. స్వాధీనం పోయాక అప్పీలులో నెగ్గితే, 144వ సెక్షన్ కింద పూర్వస్థితికి తెమ్మని కోరవచ్చు. కేసు నడుస్తుండగా భూమి కొన్నవారికి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. తుది తీర్పు వారికీ కట్టుబాటే.

సుప్రీంకోర్టు తీర్పు తరువాత

137వ అధికరణ కింద 30 రోజుల్లో రివ్యూ కోరవచ్చు. సాధారణంగా అదే న్యాయమూర్తులు తమ ఛాంబర్లలో, వాదనలు లేకుండా కాగితాలు చూసి నిర్ణయిస్తారు. కేసును మళ్లీ వాదించుకునే వేదిక కాదది. రికార్డు మీదే కనిపించే తప్పు ఉండాలి.

రివ్యూ కూడా పోతే మిగిలేది క్యూరేటివ్ పిటిషన్, అంటే చివరి దిద్దుబాటు కోరే దరఖాస్తు. 2002లో రూపా అశోక్ హుర్రా కేసులో సుప్రీంకోర్టే దీన్ని రూపొందించింది. సహజ న్యాయసూత్రాల ఉల్లంఘన, న్యాయమూర్తి పక్షపాతంపై సందేహం వంటి తీవ్రమైన కారణాలుండాలి. సీనియర్ న్యాయవాది ధ్రువీకరించాలి. ముగ్గురు అత్యంత సీనియర్ న్యాయమూర్తులకు, తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులు అందుబాటులో ఉంటే వారికి పంపిస్తారు. వీటిలో నెగ్గేవి అత్యంత అరుదు. ఢిల్లీ మెట్రో వివాదం అటువంటిది. ఎయిర్‌పోర్ట్ లైను నడిపిన సంస్థకు అనుకూలంగా 2017లో వచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డును, అంటే మధ్యవర్తుల తీర్పును, 2021లో సుప్రీంకోర్టు నిలబెట్టింది, ఆ ఏడాదే రివ్యూనూ కొట్టేసింది. 2024 ఏప్రిల్ 10న క్యూరేటివ్ పిటిషన్‌పై ముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పును పక్కనపెట్టారు, తీవ్రమైన అన్యాయం జరిగిందని చెప్పారు. సామాన్య కక్షిదారు దీన్ని చూసి ఆశ పెంచుకోవడం ప్రమాదం.

ఎస్‌ఎల్‌పీ గడప ఎంత ఎత్తుండాలి?

136వ అధికరణను ఎంత విరివిగా వాడాలన్న వాదన సుప్రీంకోర్టు వయసంత పాతది. 1950లో 8 మంది న్యాయమూర్తులతో మొదలైన కోర్టు సంఖ్యాబలం 2019లో 34కు పెరిగింది. అయినా ఎస్‌ఎల్‌పీల భారం తగ్గలేదు. అద్దె తగాదాలు, గట్టు తగాదాలు కూడా ఇక్కడికే వస్తే రాజ్యాంగ ప్రశ్నలకు సమయం ఎక్కడ మిగులుతుందని ఒక వర్గం అడుగుతుంది. 2010లో మథాయి వర్సెస్ జార్జ్ కేసులో ఇద్దరు న్యాయమూర్తులు ఈ ఆవేదనతోనే, ఎలాంటి కేసులకు అనుమతి ఇవ్వాలో తేల్చమని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు. 2016లో ఆ ధర్మాసనం గీత గీయడానికి ఒప్పుకోలేదు. విచక్షణాధికారాన్ని ముందే చట్రంలో బిగించకూడదంది.

రెండో వర్గం మాటలోనూ బరువుంది. హైకోర్టులో రెండో అప్పీలు కొన్నిసార్లు ఒక పేజీ ఉత్తర్వుతో ముగిసిపోతుంది. ఒకే చట్టానికి రెండు హైకోర్టులు రెండు అర్థాలు చెబుతాయి. అలాంటప్పుడు పైనున్న తలుపు కూడా మూసేస్తే పల్లెటూరి కక్షిదారు ఎక్కడికి వెళ్లాలి? మరి కొందరు రాజ్యాంగ విచారణను, మామూలు అప్పీళ్లను వేరు చేయమంటారు. జాతీయ అప్పీలు కోర్టు ఆలోచనను 1986లోనే సుప్రీంకోర్టు ప్రస్తావించింది. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో ఢిల్లీ, కోల్‌కతా, ముంబయిలతో పాటు చెన్నై లేదా హైదరాబాద్‌లో అప్పీళ్లు వినే బెంచీలు పెట్టాలని సిఫారసు చేసింది. 2016లో వసంతకుమార్ కేసులో ఈ జాతీయ అప్పీలు కోర్టు ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు.

బెంచీల ఏర్పాటుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదని వాదించేవారు 130వ అధికరణను చూపిస్తారు. రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన ఇతర చోట్ల కూడా సుప్రీంకోర్టు కూర్చోవచ్చని అందులో ఉంది. కోర్టు ఐక్యత, తీర్పుల ఏకరూపత దెబ్బతింటాయన్న అభిప్రాయంతో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పూర్తి సమావేశం ఈ ప్రతిపాదనను ఒకటికి మించిన సార్లు తోసిపుచ్చింది. ఈలోగా ఈ-ఫైలింగ్, వీడియో విచారణలు వచ్చి దూరం కొంత తగ్గింది. విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని న్యాయవాది వాదన వినిపించగలుగుతున్నారు. పిటిషన్ మీద సంతకం చేయాల్సిన అడ్వకేట్ ఆన్ రికార్డ్ కార్యాలయం మాత్రం ఇప్పటికీ ఢిల్లీలోనే, కోర్టుకు 16 కిలోమీటర్ల లోపే ఉండాలి.